అమ్మను చేర్చే ముందు రాత్రి పూట వెళ్లి చూసి ఉండాల్సింది

గత వారం మా ఆఫీసులో ఒకాయన తన తండ్రి కోసం కేర్ హోమ్ వెతుకుతున్నానని, మా అమ్మ ఉంటున్న చోటు పేరు చెప్పమని అడిగారు. చెప్పాను. కానీ పేరొక్కటే చెప్పి ఊరుకోలేకపోయాను, భోజనాల టైమంతా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఇది చూడండి, అది అడగండి అంటూనే ఉన్నాను. అందులో సగం కూడా ఆయనకు గుర్తుండి ఉండదు. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను. నేను డాక్టర్ని కాను, నర్సునీ కాను. రెండు హోమ్‌లలో కలిపి పదహారు నెలలుగా అమ్మ మంచం పక్కన కూర్చుని తెలుసుకున్నదే ఇదంతా. మొదటి రెండు నెలల్లో తెలుసుకున్నది మాత్రం అమ్మ ఒంటి మీద పుండ్లు చూసి తెలుసుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

ముందు పేరు సంగతి. మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. నేను పుట్టింది తెనాలిలో అలాంటి ఒక నర్సింగ్ హోమ్‌లోనే. అమెరికాలో ఆ మాటకి అర్థం వేరు, ఇక ఇంట్లో చూసుకోవడం కుదరని పెద్దవాళ్లు నెలల తరబడి, ఏళ్ల తరబడి ఉండే చోటు అది. మనవాళ్లు దాన్ని వృద్ధాశ్రమం అంటారు, ఓల్డేజ్ హోమ్ అంటారు, కొత్తగా కేర్ హోమ్, అసిస్టెడ్ లివింగ్ అంటున్నారు. బోర్డు మీద ఏముందో చూసి లోపల ఏముందో చెప్పలేం. నడిచి తిరిగే పెద్దవాళ్లకి బాగుండే చోటు మంచం పట్టిన మనిషికి బాగుండాలని లేదు. నేను రాసేది మంచం పట్టినవాళ్ల గురించి.

ముందటేడాది మే నెలలో అమ్మకు పక్షవాతం వచ్చింది. అప్పటికి 74 ఏళ్లు. మెదడులో ఎడమ వైపు రక్తం గడ్డకట్టి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాటను నడిపే భాగం చాలామందికి ఎడమ వైపే ఉంటుంది కాబట్టి మాట కూడా పోయింది. అమ్మకు మిగిలింది ఒకే మాట, "అది కాదు". దాహమేసినా అది కాదు, నొప్పి పుట్టినా అది కాదు, నన్ను చూసి సంతోషపడినా అది కాదు. మనం చెప్పేది చాలావరకు అర్థమవుతుంది. తిరిగి చెప్పబోతే నోట ఆ ఒక్కటే వస్తుంది.

ఆసుపత్రి నుంచి తెచ్చాక నాలుగు నెలలు ఇంట్లోనే చూశాం. ఏజెన్సీ నుంచి వచ్చిన అటెండర్లు ఆరుగురు మారారు. నాకూ మావారికీ ఉద్యోగాలు. రాత్రి రెండు గంటలకోసారి అలారం పెట్టుకుని లేచి అమ్మను ఒత్తిగిలించడం, డైపర్ మార్చడం, పొద్దున్నే మళ్లీ ఆఫీసు. ఒకరోజు తెల్లవారుజామున డైపర్ మారుస్తూ నేను అమ్మ మీద గట్టిగా అరిచాను. అమ్మ ఏడ్చింది. ఆ రోజే మావారు, ఇక ఇలా కాదు, మంచి చోటు చూద్దాం అన్నారు. బంధువుల్లో కొందరు తల్లిని హోమ్‌లో పడేశారన్నారు. ఆ మాట చాలా బాధపెట్టింది. ఇప్పుడు ఎవరైనా ఇదే పరిస్థితిలో ఉండి ఇది చదువుతుంటే, చేర్చడం తప్పు కాదనే చెబుతాను. ఎక్కడ చేరుస్తున్నామో చూసుకోకపోవడం తప్పు, ఆ తప్పు నేను చేశాను.

మొదటి హోమ్‌ని మేం ఆదివారం పొద్దున పదకొండు గంటలకు చూశాం. ముందే ఫోన్ చేసి వెళ్లాం. గేటు లోపల పచ్చిక, హాల్లో పెద్ద టీవీ, పక్కన చిన్న పూజ గది, అక్కడ నలుగురైదుగురు పెద్దవాళ్లు శుభ్రమైన బట్టల్లో కూర్చుని ఉన్నారు. మేనేజర్ చాలా మర్యాదగా మాట్లాడాడు. "మీ అమ్మగారిని మా అమ్మలా చూసుకుంటాం మేడం" అన్నాడు. సీసీ కెమెరాలు చూపించాడు, వారానికి రెండుసార్లు డాక్టర్ వస్తారన్నాడు, ఫిజియోథెరపీ ఉందన్నాడు. నెలకు 38 వేలు, డైపర్లు, మందులు అదనం. నేను అడిగినవి రెండే ప్రశ్నలు, గదిలో గీజర్ ఉందా, మేం ఎప్పుడైనా రావచ్చా. రెండింటికీ ఉంది, రావచ్చు అన్నాడు. మంచం పట్టినవాళ్లు ఉండే పై అంతస్తు చూపించమని అడగాలని నాకు తోచనే లేదు.

ఏడు వారాలు గడిచాయి. నేను శని, ఆదివారాలు పగలు వెళ్లేదాన్ని. వెళ్లేసరికి అమ్మకు స్నానం చేయించి, జడ వేసి, పౌడర్ రాసి, దుప్పటి నీటుగా కప్పి ఉండేవారు. అమ్మ చిక్కినట్టు కనిపించేది. అడిగితే, సరిగ్గా తినడం లేదండీ, వద్దంటున్నారు అనేవారు. జబ్బు మనిషి కదా అని సరిపెట్టుకున్నాను.

ఒక బుధవారం విజయవాడలో పెళ్లి చూసుకుని రైల్లో వచ్చి లింగంపల్లిలో దిగేసరికి రాత్రి తొమ్మిదిన్నర. ఇంటికి వెళ్లే దారిలోనే హోమ్, పెళ్లి లడ్డూ ఉంది చేతిలో, అమ్మ మెత్తగా చిదిపి పెడితే తింటుందని ఆటో అక్కడ ఆపించాను. వాచ్‌మన్ పొద్దున రమ్మన్నాడు. ఎప్పుడైనా రావచ్చని మీ సారే చెప్పారని గట్టిగా అడిగితే వదిలాడు. పై అంతస్తులో ఇరవై రెండు మంచాలు. వాళ్లందరికీ ఒకే ఒక్క ఆయమ్మ. నర్సు కింద అంతస్తులో ఉందట, తలుపు వేసి ఉంది. ఒకావిడ నీళ్లు, నీళ్లు అంటోంది. అమ్మ వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తోంది, పక్క తడిసి ఉంది. ఆయమ్మ పొద్దున ఎనిమిదికి డ్యూటీ ఎక్కిందట, మర్నాడు ఎనిమిదికి దిగుతుంది. ఇరవై నాలుగు గంటలు. ఆవిడ నన్ను చూసి భయపడింది, తర్వాత అమ్మ డైపర్ మారుస్తూ మెల్లగా అడిగింది. "మామ్మగారి మడమ చూశారా మేడం? నడుం కింద కూడా చూడండి. నేను చెప్పానని చెప్పకండి."

కుడి మడమ మీద రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ. నడుం కింద, తోక ఎముక దగ్గర చర్మం లేచిపోయి ఎర్రగా, తడిగా ఉంది. శని, ఆదివారాల్లో నేను దుప్పటి తీసి చూడనేలేదు, జడ చూసి సంతోషపడ్డాను.

ఆ రాత్రే న్యూజెర్సీలో ఉన్న అక్కకి ఫోన్ చేశాను. అక్క మొదట అడిగింది, "అసలు చేర్చే ముందు దాని ఇన్‌స్పెక్షన్ రిపోర్టు చూశావా?" నాకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. అక్కడ పెద్దవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్, దాని వాళ్ల కేర్ కంపేర్ అనే సైట్‌లో ప్రతి నర్సింగ్ హోమ్‌కీ ఒకటి నుంచి ఐదు దాకా స్టార్లు ఉంటాయి. 2008 నుంచి ఉన్న పద్ధతి. తనిఖీల్లో దొరికిన లోపాలు, ఒక్కో మనిషికి రోజుకు ఎంతసేపు నర్సులూ సహాయకులూ పనిచేస్తున్నారు, ఎంతమందికి పుండ్లు పడ్డాయి, ఎంతమంది పడి దెబ్బలు తగిలించుకున్నారు లాంటి లెక్కలు, ఈ మూడు కలిపి స్టార్లు ఇస్తారు. తనిఖీ రిపోర్టు మొత్తం ఎవరైనా చదువుకోవచ్చు. 2022 నుంచి శని, ఆదివారాల్లో ఎంతమంది పనిలో ఉన్నారు, ఏడాదిలో ఎంతమంది మానేసి వెళ్లిపోయారు అన్నవి కూడా రేటింగ్‌లో కలిపారు. అక్క వాళ్ల అత్తగారి కోసం అవన్నీ చూసి చూసి ఆరితేరింది. అయితే ఒకటి చెప్పింది, కొన్ని లెక్కలు హోమ్‌లు తామే రాసి పంపేవి, కాబట్టి ఐదు స్టార్లు చూసి కళ్లు మూసుకోవద్దు, మనుషుల సంఖ్యా, తనిఖీ రిపోర్టూ ముందు చూడాలి అని. ఎంతమంది పనిచేస్తున్నారన్న లెక్క మాత్రం అక్కడ జీతాల రికార్డుల నుంచి తీస్తారు.

మన దగ్గర అలా ఇంట్లో కూర్చుని చదువుకునే రిపోర్టులు లేవు. నేను చూసింది గూగుల్‌లో 4.6. ఆ రివ్యూలు రాసినవాళ్లంతా నాలాగా ఆదివారం పగలు వచ్చి వెళ్లే పిల్లలే. ఇరవై రెండు మంచాల మీద ఉన్నవాళ్లలో రివ్యూ రాయగలిగేవాళ్లు ఎవరూ లేరు. 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం పిల్లల బాధ్యత గురించి గట్టిగానే చెబుతుంది, పేద వృద్ధుల కోసం రాష్ట్ర ప్రభుత్వాలు జిల్లాకో ఆశ్రమం చొప్పున పెట్టొచ్చంటుంది. ఇలాంటి హోమ్‌లు రిజిస్టర్ చేసుకోవాలి, కనీస ప్రమాణాలు పాటించాలి అని ఆ చట్టాన్ని సవరించే బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టారు కానీ అది చట్టం కాలేదు. అంటే, డబ్బు కట్టి మంచం పట్టిన తల్లిని అప్పగించే ముందు తనిఖీ చేయాల్సింది మనమే. ఇది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది. హోటల్ వంటగదికి వెళ్లి చూసే అధికారి ఉన్నాడు, ఈ పై అంతస్తులకి వెళ్లి దుప్పటి తీసి చూసేవాళ్లు కావాలి.

సరే, చూడాల్సింది ఏమిటి. అన్నిటికన్నా ముందు ఒళ్లు. మడమలు, తోక ఎముక, తుంటి రెండు పక్కలా, భుజం రెక్కలు, మోచేతులు, తల వెనక, ముక్కు గొట్టం ఉంటే ముక్కు దగ్గర. ఎముక చర్మానికి దగ్గరగా ఉన్న ప్రతి చోటా. ఒకే పక్కన గంటల తరబడి పడుకుంటే ఆ చోట రక్తం ఆడక చర్మం చచ్చిపోతుంది, పుండు బయటికి కనిపించేసరికి లోపల ఇంకా పెద్దది ఉండొచ్చు. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే ఆరోగ్యంగా ఉన్న చర్మం తెల్లబడి మళ్లీ ఎర్రబడుతుంది. నొక్కినా తెల్లబడకపోతే అది పుండుకి మొదటి మెట్టు. కానీ ఇది తెల్లటి చర్మానికి బాగా పనికొచ్చే పరీక్ష. మా అమ్మది చామనఛాయ, ఎరుపు కనిపించదు. అమ్మ డ్రెస్సింగ్‌కి వచ్చిన నర్సు చూపించింది, చెయ్యి వేసి చూడండి, చుట్టుపక్కల కన్నా వేడిగా ఉందా, గట్టిగా ఉందా, లేకపోతే మెత్తబడిందా, రంగు కాస్త ఊదాగా మారిందా అని. అప్పటి నుంచి నేను వెళ్లగానే ముందు మడమల కింద చెయ్యి పెడతాను. అమ్మకు కూడా అలవాటైపోయింది, నన్ను చూడగానే ఎడమ కాలు తనే ఎత్తుతుంది.

ఎయిర్ బెడ్ ఉందండీ, ఇక పుండ్లు పడవు అని చాలా హోమ్‌లలో చెబుతారు. ఎయిర్ బెడ్ ఉన్నా మనిషిని తిప్పాలి. సాధారణంగా రెండు గంటలకోసారి పక్క మార్చమంటారు, ఎయిర్ బెడ్ మీద ఎంతసేపటికి అన్నది డాక్టర్ చూసి చెబుతారు. కొన్ని చోట్ల ఎర్రబడిన చోట పౌడర్ వేసి గట్టిగా రుద్దుతారు, మంచిదనుకునే చేస్తారు పాపం, కానీ రుద్దితే లోపల ఇంకా దెబ్బతింటుంది. రింగు లాంటి దిండు కింద పెట్టడం కూడా మంచిది కాదు, రింగు చుట్టూ ఒత్తిడి పడుతుంది. మడమలకైతే పిక్కల కింద దిండు పెట్టి మడమ పరుపుకి తగలకుండా గాల్లో ఉండేలా చూడాలి. హోమ్ చూడ్డానికి వెళ్లినప్పుడు మంచం పట్టినవాళ్ల కాళ్ల వైపు ఒక్కసారి చూడండి, పిక్కల కింద దిండ్లు ఉన్నాయా అని. మొదటి హోమ్‌లో ఒక్క మంచం మీద కూడా లేవు, అది అప్పట్లో నాకు తెలిసి, పై అంతస్తు చూపించమని అడిగి ఉంటే ఆ ఆదివారమే అర్థమయ్యేది.

పక్క తిప్పడానికి మనిషి కావాలి కదా. అందుకని రెండో ప్రశ్న రాత్రి గురించి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఈ అంతస్తులో ఎంతమంది మెలకువగా ఉంటారు? ఉంటారు అంటే బిల్డింగులో ఉండటం కాదు, మెలకువగా, ఈ అంతస్తులో. ఇరవై రెండు మందిని రెండు గంటలకోసారి తిప్పాలంటే ఒక్క ఆయమ్మ ఐదు నిమిషాలకి ఒకరి చొప్పున ఆగకుండా తిరుగుతూనే ఉండాలి, మధ్యలో ఎవరి డైపరూ మార్చకుండా, నీళ్లివ్వకుండా, బాత్రూంకి వెళ్లకుండా. అదీ ఒక్కరే తిప్పగలిగే మనుషులైతే. చాలామందికి ఇద్దరు పట్టాలి. ఈ లెక్క వేశాక ఆ ఆయమ్మ మీద నాకు కోపం రాలేదు. ఆవిడకి నెలకు పధ్నాలుగు వేలు ఇస్తున్నారట, సెలవు పెడితే కోత.

అందుకే ఇప్పుడు ఏ హోమ్‌కి వెళ్లినా నేను ముందు ఆయమ్మలతో మాట్లాడతాను. ఎన్నాళ్లుగా చేస్తున్నావమ్మా, డ్యూటీ ఎన్ని గంటలు, అన్నం ఇక్కడేనా, పడుకోవడానికి గది ఉందా, వారానికో సెలవు ఇస్తారా. వీటికి జవాబులు తడుముకోకుండా వస్తే, అక్కడ కనీసం ఇద్దరు ముగ్గురు ఏడాదికి పైబడి పనిచేస్తుంటే, సగం టెన్షన్ పోయినట్టే. నెలనెలా మనుషులు మారే చోట అమ్మ ఏ పక్కకి పడుకోగలదో, ఏది మింగగలదో ప్రతిసారీ మొదటి నుంచి మొదలు. చెప్పుకోగలిగిన మనిషైతే తనే చెప్పుకుంటుంది. అమ్మ చెప్పలేదు. అమ్మ గురించి తెలిసిన మనిషి మానేస్తే ఆ తెలిసినదంతా ఆ మనిషితోపాటే గేటు దాటి వెళ్లిపోతుంది.

తిండి. మెనూ కార్డులో సోమవారం ఇడ్లీ, మంగళవారం ఉప్మా అని రాసి ఉంటుంది, అది పక్కన పెట్టండి, తినిపించేటప్పుడు చూడండి. పక్షవాతం వచ్చిన చాలామందికి మింగడం కష్టమవుతుంది, పొలమారితే ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది, మంచం పట్టినవాళ్లని అది తేలిగ్గా తీసుకుపోతుంది. కాబట్టి నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి ఉంచి, చిన్న స్పూనుతో, పని చేసే పక్కన నోట్లో పెట్టి, మింగిందాకా ఆగి, అప్పుడు రెండోది. తిన్నాక అరగంటైనా పడుకోబెట్టకూడదు. అమ్మకు ఇలా పెడితే గిన్నెడు పప్పన్నం అవడానికి ముప్పావు గంట పడుతుంది. మొదటి హోమ్‌లో రాత్రి భోజనం సాయంత్రం ఆరింటికే మొదలుపెట్టి ఏడింటికల్లా ముగించేవారు. ఒక్కొక్కరికి ఎంత టైం వచ్చి ఉంటుందో ఊహించుకోండి. అమ్మ రెండు స్పూన్లు తిని, ముద్ద ఇంకా నోట్లో ఉండగానే మూడోది వస్తుంటే "అది కాదు" అనేది. వాళ్లు వద్దంటోందనుకుని గిన్నె తీసుకెళ్లిపోయేవారు. ఏడు వారాలపాటు రోజూ మూడు పూటలా ఇదే జరిగింది. చేర్చినప్పుడు 52 కిలోలు, తీసుకొచ్చాక తూస్తే 47.5. నెలలో ఒంటి బరువులో నూటికి ఐదు వంతులు తగ్గితే ప్రమాదం కింద లెక్క, అమ్మ ఏడు వారాల్లో ఎనిమిది వంతులకు పైగా తగ్గింది. అక్కడ ఒక్కసారి కూడా తూచలేదు. మంచం పట్టిన మనిషిని ఎలా తూస్తారు మేడం అన్నారు. వీల్‌చెయిర్‌తో సహా తూచి, వీల్‌చెయిర్ బరువు తీసేస్తే సరిపోతుంది, ఇప్పుడున్న చోట ప్రతి నెలా ఒకటో తారీఖున అలాగే తూచి పుస్తకంలో రాస్తారు.

మంచినీళ్ల గ్లాసు ఎక్కడ ఉందో చూడండి. ఇది నాకు మావారు చెప్పారు, ఆయన గమనించారు. అమ్మకు పనిచేసేది ఎడమ చెయ్యి, గ్లాసు ఎప్పుడూ కుడి పక్క స్టూలు మీద ఉండేది. మూత పెట్టి, శుభ్రంగా, నిండుగా. దాని అర్థం ఎవరూ తాగించలేదని, తాను అందుకోలేదని. ముసలివాళ్లకి నీళ్లు తగ్గితే పెదాలు పగిలి, మూత్రం చిక్కబడి, ఇన్‌ఫెక్షన్ వచ్చి ఉన్నట్టుండి తికమక పడతారు, మనుషుల్ని పోల్చుకోరు, రాత్రంతా కేకలు వేస్తారు. వయసు మీద పడింది, మతిమరుపు ఎక్కువైంది అనేస్తారు. రెండు మూడు రోజుల్లో మనిషి అలా మారిపోతే అది మతిమరుపు కాదు, మూత్ర పరీక్ష చేయించాలి, విరేచనం ఎన్ని రోజులకైందో అడగాలి, కొత్త మందు ఏదైనా మొదలుపెట్టారా అడగాలి. నిద్రమాత్ర ఇస్తుంటే ఏ డాక్టర్ రాశారు, ఎందుకు, ఎన్నాళ్లు అని చీటీ చూపించమని అడగండి. ఆయమ్మ ఒక్కతే ఉన్న రాత్రి కేకలు వేసే మనిషికి మాత్ర వేయడం ఎంత తేలికో నాకు అర్థమవుతుంది, అందుకే అడగమంటున్నాను.

మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చేటప్పుడు కూడా తప్పకుండా దగ్గరుండి చూడాలి. పడిపోయిన చేతిని పట్టి లాగకూడదు, ఆ చంక కింద చెయ్యి వేసి ఎత్తకూడదు, పట్టులేని భుజం జారిపోతుంది. మొదటి హోమ్‌లో రోజుకి రెండుసార్లు అలా లాగుతుంటే అమ్మ అది కాదు, అది కాదు అని అరిచేదట. ఆ భుజం నొప్పి ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

బిల్లు విషయంలో మాత్రం ఒక చిన్న చిట్కా. డైపర్లు అదనం అన్నారు కదా, బిల్లులో ఎన్ని వేశారో లెక్కపెట్టండి. మా మొదటి నెల బిల్లులో 66 ఉన్నాయి. అంటే రోజుకి రెండు చిల్లర. ఖర్చు తక్కువైందని నేను అప్పుడు సంతోషించాను. రెండు డైపర్లంటే పదేసి గంటలకి పైగా ఒకే డైపర్ ఒంటి మీద ఉందని ఆ కాగితం నాకు చెప్పింది, నేను చదవలేదు.

రెండో హోమ్ దొరకడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలు సెలవు పెట్టి ఇంట్లో అమ్మను చూశాను, రోజూ నర్సు వచ్చి డ్రెస్సింగ్ చేసేది. నడుం కింది పుండు నెలలో మానింది, మడమ మానడానికి మూడు నెలలు పట్టింది. ఈసారి తొమ్మిది చోట్లకి వెళ్లాం. ముందు ఫోన్ చేయకుండా, ఒకసారి రాత్రి ఎనిమిది దాటాక, ఒకసారి మధ్యాహ్నం భోజనాల టైంలో. మూడు చోట్ల గేటు దగ్గరే ఆపేశారు. రాత్రి పూట పెద్దవాళ్లు నిద్రపోతారు, కొత్తవాళ్లని రానివ్వం అంటే సబబే. నేను గదుల్లోకి వద్దు, వరండాలో పది నిమిషాలు కూర్చుంటానన్నాను. కూర్చోనిచ్చిన చోట చెవులు చాలు. పిలిచినప్పుడు ఎంతసేపటికి ఎవరు వస్తారు, ఎలా పలుకుతారు, ఏమ్మా అంటారా, ఏందీ గోల అంటారా.

వాసన గురించి అందరూ చెబుతారు, నాదీ ఒక మాట. మధ్యలో ఒకరికి విరేచనమై కాసేపు వాసన వస్తే తప్పేం లేదు, మనుషులుండే చోటు. గోడలకీ పరుపులకీ పట్టిన పాత మూత్రం వాసన వేరు. ఫినాయిలూ అగరొత్తులూ కలిపి ముక్కులు అదిరేలా ఉంటే ఇంకాస్త లోపలికి వెళ్లి చూడండి.

ఇప్పుడు అమ్మ ఉన్నది పాత రెండంతస్తుల ఇల్లు. పచ్చిక లేదు, పెయింటు పెచ్చులూడింది, టీవీ చిన్నది. పధ్నాలుగు మంది ఉంటారు, పగలు నలుగురు, రాత్రి ఇద్దరు ఆయమ్మలు, పన్నెండు గంటల డ్యూటీ, ఒక నర్సు ఎప్పుడూ ఉంటుంది. నెలకు 41 వేలు, మొదటిదానికన్నా మూడు వేలు ఎక్కువ. ప్రతి మంచం దగ్గరా దారం కట్టిన నోటుబుక్కు, ఏ టైంకి ఏ పక్కకి తిప్పారు, ఎంత తిన్నారు, ఎన్ని నీళ్లు, విరేచనం అయిందా, అన్నీ తెలుగులో వంకర టింకర అక్షరాల్లో. నేను మొదటిసారి ఆ పుస్తకం తిరగేసినప్పుడు, ఒక రాత్రి రెండింటి దగ్గర ఖాళీగా ఉంది, పక్కన 'కరెంటు పోయింది, పై గదిలో తాతగారికి ఆయాసం, తిప్పలేదు' అని రాసి ఉంది. అన్ని గళ్లూ ఒకే పెన్నుతో ఒకే ఊపులో నింపేసిన పుస్తకం మరో హోమ్‌లో చూశాను, దానికన్నా ఆ ఖాళీ చూసి నాకు ఎక్కువ ధైర్యం వచ్చింది. చేరిన రోజు ఆ హోమ్ చూసుకునే మేడం అమ్మ గురించి రెండు గంటలు అడిగింది, కాఫీ తాగుతారా, ఏ పక్కకి పడుకోవడం అలవాటు, పాటలు వింటారా, ముందు ఏం పని చేసేవారు, దేనికి భయపడతారు. మొదటి హోమ్‌లో ఆధార్ కాపీ, అడ్వాన్సు చెక్కు అడిగారు.

ఇక్కడ కూడా తప్పులు జరుగుతాయి. నాలుగు నెలల క్రితం అమ్మ కళ్లద్దాలు రెండు వారాలు కనపడలేదు, బీపీ మాత్ర ఒక పూట మర్చిపోయారు. మర్చిపోయామని వాళ్లే సాయంత్రం ఫోన్ చేసి చెప్పారు. నేను కోప్పడలేదు, మళ్లీ జరగకుండా ఏం చేస్తారని అడిగాను, మాత్రల డబ్బా మార్చారు. ఏదైనా అడగాల్సి వస్తే ఆయమ్మని నలుగురిలో నిలదీయకండి, మనం వెళ్లిపోయాక ఆవిడే మన అమ్మ దగ్గర ఉంటుంది. నర్సుకి చెప్పండి, తేదీ వేసి కాగితం మీద రాసివ్వండి, ఫోటో తీసుకోండి. పుండు పడినా, ఒంటి మీద కమిలిన గుర్తులు కనిపించినా మాత్రం మొహమాటం వద్దు, డాక్టర్‌కి చూపించి రాయించుకోండి, హోమ్ మార్చడమే మేలు. కొడుతున్నారని, తిండి పెట్టడం లేదని అనుమానం ఉంటే 14567కి ఫోన్ చేయొచ్చు, అది పెద్దవాళ్ల కోసం ఉన్న ఎల్డర్‌లైన్ నంబరు, డబ్బులు పడవు. మనకు సంబంధం లేని మంచం మీద కనిపించినా చేయండి. మొదటి హోమ్‌లో నీళ్లు, నీళ్లు అన్న ఆవిడకి ఆ రాత్రి నేను నీళ్లయితే తాగించాను కానీ ఆ నంబరు నాకు అప్పటికి తెలియదు. అమ్మను తీసుకొచ్చేశాక ఆవిడ ఏమైందో తెలియలేదు.

అమ్మ ఇప్పుడు 51 కిలోలు. ఎడమ చేత్తో తనే స్పూను పట్టుకుంటుంది, సగం ఒలుకుతుంది, ఒలకనిస్తారు. అమ్మను చూసే ఆయమ్మది శ్రీకాకుళం జిల్లా, సంక్రాంతికి పది రోజులు ఊరెళ్లింది. వెళ్లే ముందు నాకు టెన్షన్‌గా ఉంది, ఎవరొస్తారు, ఎలా చూస్తారు అని. భోగికి మూడు రోజుల ముందు నేను వెళ్లేసరికి మధ్యాహ్నం భోజనం పెడుతున్నారు. మంచం పక్కన ఇద్దరున్నారు. ఊరెళ్లబోయే ఆవిడ స్టూలు మీద కూర్చుంది, బదులుకి వచ్చిన అమ్మాయి చేతిలో గిన్నె ఉంది. రెండు రోజుల ముందే పిలిపించి నేర్పుతున్నారట. అమ్మ రెండు ముద్దలు తిని "అది కాదు" అంది. ఆ అమ్మాయి గిన్నె పక్కన పెట్టబోయింది. ఆయమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఉండు, తీసేయకు. మామ్మ వద్దనట్లేదు. నోట్లోది అయ్యేదాకా ఆగమంటోంది. బుగ్గ చూడు, ఇంకా ఉంది కదా. అయ్యాక నీ వైపు చూస్తుంది, అప్పుడు పెట్టు."

ముగ్గురం ఆగాం. అమ్మ మింగి, ఆ అమ్మాయి వైపు చూసింది.